సముద్రపు కట్టలో మా అమ్మ పొత్రం

మొన్న శుక్రవారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు, బెల్లు మోగింది. హమద్ టౌన్‌లో మా అబ్బాయి ఇంటికి ఆ వేళకు వచ్చేది నీళ్ళ బాటిళ్ళవాడు ఒక్కడే. తలుపు తీస్తే ముప్పై దాటిన మనిషి, కంపెనీ చొక్కా, చేతిలో గుడ్డసంచి. ఆ సంచి బరువుకు ఒక భుజం కిందికి జారిపోయి ఉంది. "కరుణమ్మ గారి ఇల్లు ఇదేనా అండి?" అన్నాడు. అవునన్నాను. "నేను రాజలింగం మనుమణ్ణి. ఓదెలు కొడుకును. పోయిన నెల డ్రైవర్ పనికొచ్చిన. మా తాత గిది మీకిచ్చి రమ్మన్నడు" అని సంచి నేల మీద దించాడు. ఆ చప్పుడుకు టైలు పగిలిందేమోనని మా కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయాను. సంచి విప్పకుండానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది.

మా ఇంట్లో ఒక సన్నికల్లు ఉంది. నల్లరాతి పలక. మా అమ్మమ్మ, మా అమ్మ, ఆ తర్వాత నేను నూరి నూరి మధ్యలో కాస్త లోతు పడింది. దాని మీద నూరడానికి ఉండాల్సిన పొత్రం మాత్రం లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా కోడలు, "అత్తయ్యా, పొత్రం లేని సన్నికల్లు దేనికండీ, పారేద్దామా?" అని అడిగింది. "పొత్రం ఉందమ్మా, కాస్త దూరంగా ఉంది" అన్నాను. అత్తగారికి మతి గానీ చలించిందా అన్నట్టు చూసి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అప్పట్నించీ వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా ఆ పలకను అడ్డం పెడుతోంది. ఇంతకీ నా పొత్రం ఎక్కడుందంటే, ఈ దీవిని సౌదీ గడ్డతో కలిపే సముద్రపు వంతెన ఉంది చూడండి, దానికి ఈ వైపు ఒడ్డు నుంచి నీళ్ళలోకి పోసిన రాళ్ళ కట్టలో, తారు రోడ్డు కింద ఉంది. రాత్రనక పగలనక దాని నెత్తిమీంచి కార్లు పోతూనే ఉంటాయి.

ఆ రెండు రాళ్ళనూ పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచి నేను మోసుకొచ్చాను. మా ఆయన దేవదానం అప్పటికే ఇక్కడ వంతెన కట్టే కంపెనీలో సర్వే అసిస్టెంటు. పెళ్ళయిన ఏడాదికి నాకు వీసా వచ్చింది. మా అమ్మ పెట్టె అడుగున పలక పెట్టి, చీరల మధ్య పొత్రం చుట్టి, "అక్కడ ఏం దొరికినా దొరక్కపోయినా పచ్చడి మాత్రం రాతి మీదే నూరుకో" అని చెప్పి పంపింది. ఇక్కడి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆయన పెట్టె తెరిచి పలకను వేళ్ళతో తట్టాడు. పొత్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల బంగారం దాచానని అనుమానం కాబోలు. నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లేదు. ఇక లాభం లేదని ఎయిర్‌పోర్టు నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, పలక ముందు పెట్టుకుని, గాల్లో మిరపకాయలు వేసి, గాల్లో ఉప్పు వేసి, బరబరా నూరి చూపించాను. ఆయన ఇంకో నలుగురిని పిలిచాడు. వాళ్ళకూ నూరి చూపించాను. చివరికి "ఖలాస్, ఖలాస్, యల్లా" అని పెట్టె మూసి నన్ను బయటికి పంపించాడు. బయట మా ఆయన రాళ్ళను చూసి తల పట్టుకున్నాడు. "మిక్సీ కొని పెట్టాను కదే!" "మీ మిక్సీ పచ్చడి మీరే తినండి" అన్నాను. కొత్త కాపురంలో నేను ఆయనతో ఆడిన మొదటి మాట అది.

మా కాపురం కర్జకాన్‌లో. ఖర్జూరపు తోట పక్కన ఒక ముసలమ్మ ఇంట్లో వెనక రెండు గదులు. పని జరిగే చోటికి దగ్గరని మా ఆయన అక్కడ చూశాడు. తెల్లవారకముందే కంపెనీ బండి వచ్చి హారన్ కొట్టేది. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి చొక్కా మీద ఉప్పు చారికలు కట్టి, అట్టలా బిగుసుకుపోయి ఉండేది. గుమ్మంలోనే విప్పించి బకెట్లో వేసేదాన్ని. డీజిలు కంపు, సముద్రపు బురద కంపు, దాని మీద ముసలమ్మ పొయ్యి మీంచి వచ్చే ఏలకుల కాఫీ వాసన, ఈ మూడూ కలిపి పీలిస్తే నాకు ఇప్పటికీ ఆ ఇల్లే. తోటకు నీళ్ళు పారే కాలవ గట్టున, అగ్గిపెట్టెలో దాచి తెచ్చిన గోంగూర విత్తనాలు చల్లాను. ఎండకు చస్తాయనుకున్నవి కాస్తా ఏపుగా లేచాయి. ముసలమ్మ ఆకు తుంచి నోట్లో వేసుకుని, మొహం అష్టవంకరలు తిప్పి, ఆ మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకో గుప్పెడు కోసుకుపోయింది. అలా మొదలైంది గోంగూర పచ్చడి వ్యవహారం.

కంపెనీ క్యాంపులో జగిత్యాల వైపు మనుషులు ఒక గదినిండా ఉండేవాళ్ళు. అందరూ రాళ్ళ కట్ట మీద పనిచేసేవాళ్ళే. ఒక శుక్రవారం మా ఆయన జాలిపడి వాళ్ళను భోజనానికి పిలిచాడు. ఆ పచ్చడి తిన్నాక మళ్ళీ పిలవాల్సిన పని పడలేదు, శుక్రవారం వస్తే వాళ్ళే వచ్చేవాళ్ళు. బియ్యం ఒకడు, కోడి ఒకడు, ఉల్లిగడ్డల సంచి ఒకడు మోసుకొచ్చేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్దదిక్కు రాజలింగం. అందరూ కాకా అనేవాళ్ళు, నేను బాబాయ్ అనేదాన్ని. ఇక్కడికి రాకముందు ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు వేయడం, కంకర కొట్టడం, లైను వెంట నడిచి బోల్టులు బిగించడం, అదే బతుకు. వయసు దాటిందంటే వీసా ఇవ్వరని ఏజెంటు ఎంత తగ్గించి రాయించాడో గానీ, పాస్‌పోర్టు ప్రకారం ఆయన తన అల్లుడు ఓదెలు కన్నా చిన్నవాడు. రైల్వే వదిలినా రైల్వే ఆయన్ని వదల్లేదు. ఇసకలో నడిచినా స్లీపర్ మీంచి స్లీపర్ మీదికి వేసినట్టు కొలిచి అడుగు వేసేవాడు. కొత్త వస్తువు కనబడితే వేలి కణుపుతో తట్టి, తల వంచి వినేవాడు. మా గ్యాసు సిలిండరును తట్టి చూశాడు. మా ఆయన కొన్న మిక్సీని తట్టి పెదవి విరిచాడు. నా పొత్రాన్ని తట్టి మాత్రం, "ఖంగుమంటాంది బిడ్డా. ఒక్క పగులు లేదు. గిసొంటి రాయి ఈ దేశంల దొరకది" అన్నాడు. మెచ్చుకున్నాడు కదా అని మురిసిపోయి ఇంకో ముద్ద పచ్చడి వేశాను.

కట్టేది కార్ల వంతెన అని ఆయనకు ఎంతమంది చెప్పినా ఎక్కలేదు. "గింత కట్ట, గిన్ని కంబాలు మోటార్ల కోసమా? మోటారు యాడనన్న పోతది. గిది రైలు కోసమే. మనకు చెప్తలేరు" అనేవాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ రైలు ఎక్కడెక్కడికి పోతుందో కూడా తేల్చిపెట్టాడు. సౌదీ దాటి, ఇరాక్ దాటి, ఇరాన్ దాటి, పాకిస్తాన్‌లో నీళ్ళు పట్టుకుని, ఢిల్లీ మీదుగా కాజీపేటలో ఆగుతుంది. అక్కడ దిగితే జగిత్యాల బస్సు. విమానం టిక్కెట్టు లేదు, బొంబాయిలో ఏజెంటు గదిలో పడిగాపులు లేవు. శుక్రవారం అన్నం తింటూ ఈ రైలులో మా ఇంట్లోనే అందరూ ఎక్కి కూర్చునేవాళ్ళు. దారిలో పెరుగన్నం పాడవుతుందా లేదా, ఎడారిలో ఫ్యాను వేస్తారా వేయరా, పైబెర్తు ఎవరిది, అన్నిటికీ తగువే. మా ఆయన సర్వే మనిషి గనక ఊరుకోలేక, "బాబాయ్, ఇరాక్‌కీ ఇరాన్‌కీ మధ్య యుద్ధం జరుగుతోంది. రైలెలా పోతుంది?" అని అడిగాడు. రాజలింగం బాబాయ్ ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, "గేటు వేస్తరు. యుద్ధమయినంక తీస్తరు" అన్నాడు. అంత పెద్ద యుద్ధాన్ని గేటు దగ్గర ఎడ్లబండిలా ఆపేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అట్లా నవ్వుకుంటూ ఉన్న రోజుల్లో ఓదెలు సముద్రంలో పడ్డాడు. కట్ట చివర టిప్పర్లు వెనక్కి వచ్చి రాళ్ళు గుమ్మరిస్తాయి. ఓదెలు పని ఎర్రజెండా పట్టుకుని వెనక నిలబడి వాటిని ఆపడం. ఆ రోజు అంచు జారింది. టిప్పర్ చక్రం ఒకటి గాల్లో ఆగింది గానీ ఓదెలు ఆగలేదు. ఈత రాదు. మామ తలగుడ్డ విప్పి విసిరితే అది పట్టుకుని పైకొచ్చాడు. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కానీ ఆ మర్నాడు జగిత్యాల గది మొత్తం మంచాల మీంచి లేవలేదు. పెట్టాల్సినదేదో పెట్టందే కట్ట మీదికి పోమని కూర్చున్నారు. ఫోర్‌మన్ కరీం భాయ్ పాకిస్తాన్ మనిషి, మంచివాడే గానీ పై నుంచి ఆయన్ని కూడా తరుముతున్నారు. "శనివారం పొద్దున డ్యూటీకి రాకపోతే ఖలాస్. ఒక్కొక్కడూ సీదా ఎయిర్‌పోర్టే" అని చెప్పి పోయాడు. ఓదెలు వచ్చి అప్పటికి పట్టుమని మూడు నెలలు కాలేదు. ఇప్పుడు తిప్పి పంపితే మళ్ళీ వీసా అన్న మాట మరిచిపోవాల్సిందే. పోనీ డ్యూటీకి పంపుదామంటే, కూతురి మొగుణ్ణి మళ్ళీ ఆ అంచున తన చేత్తో నిలబెట్టాలి. ఆ శుక్రవారం రాజలింగం బాబాయ్ మా ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాడే గానీ, ముద్ద నోట్లో పెట్టలేదు.

"ఏం పెట్టాలి బాబాయ్ కట్టకు?" అని అడిగాను. కోస్తా పిల్లని, పైగా చర్చి పెద్దగారి కూతుర్ని, నాకేం తెలుసు? "కట్టమైసమ్మ, బిడ్డా. మా దిక్కు చెరువుకు కట్ట ఏస్తే, కట్ట మీద అమ్మను నిలవెడ్తం. అమ్మ కావలి ఉంటది. గీడ చెరువు కాదు, సముద్రానికే కట్ట ఏసినం. ఒక్క బొట్టన్న పెట్టినమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మా ప్రభువు నీళ్ళ మీదే నడిచాడు బాబాయ్, ఆయనకు కట్టే అక్కర్లేదు" అన్నాను. ఆయన నా వంక చూసి నెమ్మదిగా, "ఆయన నడిచిండు బిడ్డా. మా ఓదెలు మునిగిండు" అన్నాడు. మరి పెట్టెయ్యకూడదా అంటే, రాయి లేదట. ఇక్కడి రాయి తెల్లగా, గీకితే పొడి రాలుతుంది. అమ్మ నల్లరాతిలోనే కూర్చుంటుందట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు వంటింటి వైపు ఎందుకు పోయాయో నేను పట్టించుకోలేదు. భోజనాలయ్యాక, ఎన్నడూ లేంది, "కూసో బిడ్డా, గిన్నెలు నేను తోముత" అని వంటింట్లోకి దూరాడు. అయ్యో పెద్దవాడు అనుకుంటూ బయట కూర్చుని తమలపాకులు చుట్టాను. పోయేటప్పుడు ఆయన కొలిచి వేసే అడుగు కొంచెం తడబడింది. లుంగీ ముందు కొంగు ఎత్తుగా కనబడింది. పచ్చడి కాస్త ఎక్కువ తిన్నాడులే అనుకున్నాను.

సాయంత్రం కొబ్బరి నూరుదామని చూస్తే పలక ఉంది, పొత్రం లేదు. ఇల్లంతా తలకిందులు చేశాను. పిల్లిని అనుమానించాను. పిల్లి పొత్రాన్నేం చేసుకుంటుందని మా ఆయన అంటే, ఆయన్నే అనుమానించాను. మిక్సీ వాడటం లేదన్న కోపంతో ఎక్కడో పారేశాడనుకుని ఆ రాత్రి అన్నంలోకి ఒట్టి మజ్జిగ పోశాను. పాపం ఆయన మంచం కింద టార్చిలైటు వేసి వెతికాడు, దొరికితే బాగుండని ప్రార్థన కూడా చేశాడు. శనివారం మాత్రం ఒక మంచి కబురు తెచ్చాడు. జగిత్యాల గదిలో ఒక్కడు మిగలకుండా అందరూ డ్యూటీకి వచ్చారట. ఓదెలు జెండా పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడట. కరీం భాయ్ తన బెదిరింపు పనిచేసిందని ఛాతీ విరుచుకు తిరుగుతున్నాడట.

ఓ వారం తర్వాత మా ఆయన తెల్లమొహం వేసుకుని ఇంటికొచ్చాడు. "నీ పొత్రం కనబడింది" అన్నాడు. ఎక్కడన్నాను. "కట్ట మీద. పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. చుట్టూ కంచె కూడా కట్టారు." "ఇంత పని చేశాడా బాబాయ్! దొంగతనం చాలక కంచె కూడానా?" అని లేచాను. "కంచె కట్టింది బాబాయ్ కాదే" అన్నాడు మా ఆయన నీరసంగా, "మా సర్వేయర్ దొర."

జరిగిందేమిటంటే, బాబాయ్ దాన్ని దొంగచాటుగా పెట్టినా పని మాత్రం గ్యాంగ్‌మన్ పనిలా చేశాడు. ఒడ్డుకు దగ్గరగా, బండ్లు తగలని మూల చూసి, గుంట తీసి, సిమెంటు దిమ్మ పోసి, అందులో పొత్రాన్ని నిలువునా బిగించి, తల మీద ఎర్రగా బొట్టు పెట్టాడు. మా ఆయన పైఅధికారి యెన్సెన్ డెన్మార్క్ మనిషి. సర్వే వాళ్ళు ఎత్తులు కొలవడానికి ఇలాగే సిమెంటులో మేకు బిగించి ఎర్రరంగు పూసి గుర్తు పెట్టుకుంటారు. ఆయన గుర్తు పెట్టడం, బుల్డోజరు దాన్ని దొర్లించుకు పోవడం, ఆయన టోపీ నేలకేసి కొట్టడం, ఇది రోజూ ఉండేదట. అలాంటాయనకు ఈ రాయి కనబడింది. నైట్ షిఫ్ట్ వాళ్ళు పెట్టారనుకున్నాడు. నైట్ షిఫ్ట్ వాళ్ళు ఆయనే పెట్టాడనుకున్నారు. రోజూ కొలిచి చూశాడు, వెంట్రుకవాసి కదల్లేదు. అన్నిటికన్నా వింత, బుల్డోజర్లు దాని దరిదాపులకు పోవడం లేదు, వంకర తిరిగి పోతున్నాయి. పొంగిపోయి, దానికి ఒక నంబరు ఇచ్చి, చుట్టూ నాలుగు ఇనప కడ్డీలు పాతి, ఎర్ర తెల్ల పట్టీ కట్టించి, ముట్టరాదని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ బోర్డు పెట్టించాడు. ఆ వైపు ఎత్తులన్నీ ఇక దాని నుంచే కొలవమని మా ఆయనకు ఆర్డరు. మా ఆయన దగ్గరికెళ్ళి చూస్తే, తన అత్తగారి ఊరి పొత్రం.

ఆ శుక్రవారం భోజనం లేదు గీజనం లేదు, మా ఆయన బండి వెనక ఎక్కి కట్ట మీదికి పోయాను. బాబాయ్ అక్కడే ఉన్నాడు. నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా రాయి నాకియ్యి బాబాయ్" అన్నాను. "నేను తెచ్చిన్నా బిడ్డా? అమ్మనే నీ ఇంట్లకెళ్ళి లేచొచ్చింది" అన్నాడు. "లేచొచ్చిందా, నీ లుంగీలో కూర్చుని వచ్చిందా?" అన్నాను. పక్కనున్న ఓదెలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. "సరే తీస్కో" అన్నాడు బాబాయ్ చివరికి, "కని దొరకు మాత్రం నువ్వే చెప్పు." అదే సమయానికి యెన్సెన్ జీపు దిగాడు. కడ్డీకి వేలాడుతున్న నిమ్మకాయల దండ పట్టుకుని, ఇదేమిటని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన జన్మలో అబద్ధమాడడు. ఆడితే చెవులు ఎర్రబడతాయి. నీళ్ళు నమిలి నమిలి, "మా మనుషులకు ఈ పాయింటంటే చాలా గౌరవం సార్" అన్నాడు. యెన్సెన్ కళ్ళు చెమర్చాయి. తన గుర్తును గౌరవించిన కూలీని ఇన్నాళ్ళ ఉద్యోగంలో చూడలేదని బాబాయ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. దూరంగా కరీం భాయ్ అంతా చూస్తూ కూడా, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు. ఇక నేనేం మాట్లాడేది? రాయి తీస్తే ఎత్తులు తప్పి మా ఆయన ఉద్యోగం పోతుంది, మనుషులు మళ్ళీ మంచాలెక్కుతారు. చేతులూపుకుంటూ ఇంటికొచ్చాను.

ఈ సంగతి మనామాలో మా తెలుగు ఆరాధనకు కూడా పాకింది. పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "ఏమ్మా, మీ ఇంటి రాయికి పూజలు జరుగుతున్నాయట?" అన్నారు. "రాయి మాదేనండీ, పూజలు మావి కావు. నాకు పచ్చడి లేదు, ఆ బాధ నాది" అన్నాను. అయ్యగారు ఆలోచించి, ఆ కట్ట మీద పనిచేసే అందరి క్షేమం కోసం ప్రార్థన చేయించారు. పచ్చడి కోసం మాత్రం చేయించలేదు. శుక్రవారాలు మళ్ళీ మొదలయ్యాయి. మిక్సీ పచ్చడిని వాళ్ళు కిక్కురుమనకుండా తినేవాళ్ళు. బాబాయ్ అయితే కాపురానికి పంపిన కూతురి కబురు చెప్పినట్టు, "అమ్మ మంచిగున్నది బిడ్డా, నిన్ననే నీళ్ళు పోసిన" అని గుమ్మంలోనే చెప్పేవాడు. ఎంత కోపంగా ఉన్నా, "ఎండకు పగల్లేదు కదా?" అని నా నోట్లోంచి వచ్చేసేది.

చివరికి కట్ట అక్కడ పూర్తయి, రోడ్డుకు ఎత్తు పోసే రోజు వచ్చింది. యెన్సెన్ తన లెక్కను ఇంకో ఇనప స్తంభం మీదికి మార్చుకున్నాడు. రాయితో ఆయనకు పని తీరిపోయింది. "రేపు బుల్డోజరొస్తది. మాట మాటే, నీ రాయి నువ్వు తీస్కపో" అని బాబాయ్ కబురంపాడు. సంచి పట్టుకుని పోయాను. నేను చూస్తుండగానే ఉలితో దిమ్మ పగలగొట్టి, పొత్రాన్ని బయటికి తీసి, తన తాగే నీళ్ళ క్యానులో నీళ్ళతో పసుపూ కుంకుమా కడిగి, తలగుడ్డతో తుడిచి నా చేతుల్లో పెట్టాడు. నిజం చెప్పాలి, దాన్ని ముట్టుకోగానే నా కళ్ళ ముందు మా అమ్మ వంటిల్లు కనబడింది. సంచిలో వేసుకుని ఇంటికి పోయి వెల్లుల్లి వేసి నూరుకోవాలనుకున్నాను. అంతలో ఎందుకో తలెత్తి చూశాను. కట్ట చివర, నీళ్ళ మధ్య, ఓదెలు ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి అవతల, ఇంకా అంచుకు, కొలబద్ద నిలువుగా పట్టుకుని మా ఆయన. ఇద్దరూ వేలెడంత కనబడుతున్నారు. టిప్పర్ ఒకటి వాళ్ళ వైపు వెనక్కి పోతోంది. అంతకుముందు నేను వచ్చింది శుక్రవారం, ఆ చివర పని లేని రోజు. రోజూ సాయంత్రం ఉప్పు చొక్కా విప్పి బకెట్లో వేశానే గానీ, ఆ ఉప్పు ఎక్కడ అంటుకుంటోందో చూడలేదు.

"ఉండనీ బాబాయ్. మళ్ళీ పెట్టెయ్యి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "మీ దేవుడేమంటడో?" అన్నాడు. "ఆయనతో నేను మాట్లాడుకుంటాను. ముందు నువ్వు గుంట తియ్యి" అన్నాను. ఆయన గడ్డపార తీసుకుని, ఎక్కడ పడితే అక్కడ కాదు, రోడ్డు పడే మేరలోనే ఒక వారగా చోటు వెతికి వెతికి తవ్వాడు. అదేమంటే, రైలు పట్టాలు నట్టనడుమ నుంచి పోతాయట, అమ్మ పట్టాల కింద పడకూడదట. రాయిని పెట్టి మట్టి కప్పాక, పెద్దమనిషి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "మా ఊరి గుట్ట రాయి, దీనికన్న మంచిది తెచ్చిస్త బిడ్డా" అన్నాడు. సెలవుకు పోయొచ్చిన ప్రతిసారీ ఒక సాకు. ఒకసారి బరువు ఎక్కువైందన్నాడు, ఒకసారి బొంబాయిలో తీసేశారన్నాడు. వంతెన అయిపోయింది. క్యాంపు ఎత్తేశారు. వాళ్ళంతా ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. నేను ఇంకో పొత్రం కొనలేదు. కొనాలనిపించలేదు.

ఆ తర్వాత కారు కొన్నాం, కర్జకాన్ వదిలేశాం. ఆ వంతెన మీదుగా సౌదీలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి పోయేటప్పుడు ఒక చోట మా ఆయన కారు నెమ్మది చేసేవాడు. అద్దం సర్దుతున్నట్టు నటించేవాడు. ఆరాధనలో పెద్దమనిషి కదా, పైకి ఒప్పుకోడు. నేను మాత్రం పాదాలు పైకెత్తి సీటు మీద పెట్టుకునేదాన్ని. ఆయన పోయాక మా అబ్బాయి నడుపుతున్నాడు. వాడికి ఫోనే దారి చెబుతుంది. చల్లటి కారులో కబుర్లాడుకుంటూ ఉండగానే సముద్రం అయిపోతుంది. కట్టే రోజుల్లో ఒక్కో టిప్పరు రాయికి ఒక్కో కేక వినబడేది. దాన్ని కట్టిన మా జగిత్యాల గదిలో ఒక్కడికీ అవతలి గట్టుకు పోయే వీసా లేదు. ఆ వంతెన మీద ఇటు నుంచి అటు పోయినవాడు వాళ్ళలో ఎవడూ లేడు.

"నేను దినాం దాని మీదికెళ్ళే పోత, అమ్మా. లోడు సౌదీకి" అన్నాడు ఓదెలు కొడుకు, టీ తాగుతూ. సంచి విప్పాను. నల్లటి గుట్టరాయి, గుండ్రంగా చెక్కిన పొత్రం. దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు. "మళ్ళీనా!" అని అరిచాను. ఇన్నేళ్ళకు పొత్రం వస్తే, అది కూడా అమ్మవారై వచ్చింది. ఓదెలు కొడుకు కంగారుపడి తాతకు వీడియో కాల్ చేశాడు. తెరనిండా ముందు ఒక చెవి కనబడింది. తర్వాత బోసినోరు. "బిడ్డా, దొరికిందా? కడుక్కొని నూరుకో. మైసమ్మకు చెప్పే పంపిన, గిది నూరెటందుకే అని" అని అరుస్తున్నాడు. మా కోడలు పరుగెత్తి తలుపు దగ్గరున్న పలక తెచ్చింది. పొత్రం కడిగాను. ఉడికించిన గోంగూర, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేశాను. పాత లోతులో కొత్త రాయి ముందు ఒరిగింది, తర్వాత కుదురుకుంది. ఆ చప్పుడు వినబడాలని అబ్బాయి ఫోను పలక పక్కన పెట్టాడు. తాత తల వంచి వింటున్నాడు. రాయి మంచిదేనని తేలాక అడిగాడు.

"బిడ్డా, రైలొచ్చిందా?"

పక్కనే ఒక రైలు వంతెన కూడా కడతారని మా అబ్బాయి పేపరులో చదివి చెబుతుంటాడు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. చేతికి అంటిన పచ్చడితోనే ఫోను దగ్గరికి వంగాను.

"గేటు వేసి ఉంది బాబాయ్. తియ్యగానే వస్తుంది."

"మంచిది బిడ్డా" అన్నాడు. "నేను గేటు కాడనే ఉంట."